కర్నూలు బస్సుల నుంచి రాష్ట్రపతి భవన్ దాకా

మా హాస్టల్లో అమెరికా ప్రెసిడెంట్ల గురించి తెలియనివాళ్ళు లేరు. కెనడీని నిజంగా ఎవరు కాల్చారు అన్న దాని మీద రాత్రి రెండింటి దాకా గొడవపడే రూమ్మేట్స్ ఉన్నారు నాకు. వాటర్‌గేట్ డాక్యుమెంటరీ చూసి, 1974 ఆగస్టులో నిక్సన్ ఎలా దిగిపోవాల్సి వచ్చిందో సీన్ బై సీన్ చెప్పేవాళ్ళూ ఉన్నారు. నేనూ ఆ బ్యాచే. ఒకరోజు మెస్సులో ఒక సీనియర్ అడిగాడు, మన దేశంలో రాష్ట్రపతి పదవిలో ఉండగా చనిపోతే ఏమవుతుంది అని. ఉప రాష్ట్రపతి రాష్ట్రపతి అయిపోతాడు అని టకీమని చెప్పేశాను. తప్పట.

అమెరికాలో అయితే అదే రైట్ ఆన్సర్. 1963లో కెనడీ చనిపోయిన రోజే వైస్ ప్రెసిడెంట్ జాన్సన్ విమానంలోనే ప్రమాణం చేసి పూర్తి స్థాయి ప్రెసిడెంట్ అయ్యారు. నిక్సన్ దిగిపోతే ఫోర్డ్ ఎక్కారు. ఆయన ప్రెసిడెంట్‌గా గానీ వైస్ ప్రెసిడెంట్‌గా గానీ జనం ఓటుతో గెలిచినవారు కాదు, అయినా కుర్చీ వచ్చింది. మన రాజ్యాంగంలో అలా కాదు. ఉప రాష్ట్రపతి తాత్కాలికంగా ఆ బాధ్యతలు చూస్తారు, అంతే. ఆరు నెలల్లోపు కొత్త ఎన్నిక జరగాలి. అంటే మన దగ్గర రెండో స్థానంలో ఉన్నవాళ్ళకి మొదటి కుర్చీ వారసత్వంగా రాదు. మళ్ళీ కొట్లాడి తెచ్చుకోవాలి.

ఈ రూల్ వల్ల 1969లో ఎంత పెద్ద గొడవ అయిందో చదువుతూ పోతే, అందులో ఓడిపోయిన మనిషి మన పక్క జిల్లా ఆయన అని తెలిసింది. నీలం సంజీవరెడ్డి. పేరు విన్నాను గానీ మొదటి ముఖ్యమంత్రి, తర్వాత రాష్ట్రపతి అని జీకే బిట్టులాగా గుర్తుంది తప్ప ఇంకేం తెలీదు. ఆ బిట్టు మధ్యలో ఉన్నదంతా ఆరోజు నుంచి చదివాను. ఆయన పడిన చోట కర్నూలు ఉంది, లేచిన చోటా కర్నూలు జిల్లానే ఉంది. అందుకే ఇది రాస్తున్నా.

కర్నూలు నుంచి డోన్, గుత్తి దాటి అనంతపురం పోయే హైవే మీద గార్లదిన్నె వస్తుంది. ఆ మండలంలోని ఇల్లూరులో 1913లో పుట్టారు సంజీవరెడ్డి. మద్రాసు అడయార్‌లో థియోసాఫికల్ హైస్కూల్లో చదివి, అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరారు. 1929లో గాంధీ అనంతపురం వచ్చి వెళ్ళాక ఖద్దరు కట్టారు, 1931లో చదువు మానేసి ఉద్యమంలోకి దూకారు. అంటే డ్రాపౌట్ అన్నమాట, పద్దెనిమిదేళ్ళకే. 1940 నుంచి 1945 వరకు ఎక్కువ కాలం జైళ్ళలోనే గడిచింది. అమరావతి జైల్లో (మన అమరావతి కాదు, మహారాష్ట్రలోది) ఆయనతో పాటు ఉన్నవాళ్ళలో టంగుటూరి ప్రకాశం, కామరాజ్, వి.వి. గిరి ఉన్నారు. ఈ గిరి పేరు గుర్తుపెట్టుకోండి. బరంపురంలో పుట్టిన తెలుగువారు, సంజీవరెడ్డి కన్నా దాదాపు ఇరవై ఏళ్ళు పెద్ద.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభలో సభ్యత్వం, మద్రాసు ప్రభుత్వంలో మంత్రి పదవి, ఎన్.జి. రంగా లాంటి పెద్ద నాయకుడిని ఓడించి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవి, అన్నీ వేగంగా వచ్చాయి. కానీ 1952 ఎన్నికల్లో సొంత అనంతపురంలో ఓడిపోయారు. ఓడించింది ఎవరో కాదు, ఆయన బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. ఆ ఇంట్లో ఆ ఏడాది పండగలు ఎలా జరిగాయో నాకైతే తెలుసుకోవాలని ఉంది.

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. డేరాల్లో ఆఫీసులు నడిపిన రాజధాని మన ఊరు. ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. ఏడాది తిరిగేసరికి మద్యనిషేధం గొడవ మీద పెట్టిన అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. 1955లో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయితే సంజీవరెడ్డికి మళ్ళీ ఉప ముఖ్యమంత్రి పదవే. రెండుసార్లు రెండో కుర్చీ. మూడోసారి, 1956 నవంబర్ 1న తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు, గోపాలరెడ్డిని కాదని కాంగ్రెస్ ఈయన్ని ముఖ్యమంత్రిని చేసింది.

ఇక్కడ నాకు నచ్చని సంగతి ఒకటి ఉంది, దాచను. ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి వస్తే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి ఉండాలని పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్నారు. సంజీవరెడ్డి తన తొలి మంత్రివర్గంలో ఆ పదవే పెట్టలేదు. చేతికి ఆరో వేలు ఎందుకని అన్నట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండుసార్లు తానే ఆ ఆరో వేలుగా ఉన్న మనిషి! తెలంగాణ వాళ్ళకి ఆ మాట ఎంత గుచ్చుకుందో ఆ తర్వాత దశాబ్దాల చరిత్ర చూస్తే అర్థమవుతుంది.

1960లో కాంగ్రెస్ పార్టీకి జాతీయ అధ్యక్షుడై ఢిల్లీ వెళ్ళారు. ఆయన కుర్చీలోకి కర్నూలు దగ్గర పెదపాడు నుంచి వచ్చిన దామోదరం సంజీవయ్య వచ్చారు. దేశంలో మొదటి దళిత ముఖ్యమంత్రి ఆయన. (ఆయన మీద వేరే వ్యాసమే రాయాలి, ఇక్కడ రెండు లైన్లతో సరిపెడితే పాపం.) 1962 మార్చిలో సంజీవరెడ్డి తిరిగొచ్చి మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఈసారి ఆయన ఎమ్మెల్యేగా ఉన్న నియోజకవర్గం డోన్.

అసలు కథ ఇక్కడి నుంచి. అప్పట్లో బస్సు రూట్లను ప్రైవేటు వాళ్ళ నుంచి తీసుకుని ఆర్టీసీకి ఇస్తున్నారు. ఏ జిల్లా ముందు, ఏ జిల్లా తర్వాత అనే వరస ఒకటి ఉంటుంది. ఆ వరసలో కర్నూలు జిల్లా పడమటి భాగం రూట్లు హఠాత్తుగా ముందుకొచ్చాయి. అక్కడి బస్సు యజమానులు కోర్టుకెక్కారు. మేము ముఖ్యమంత్రికి రాజకీయంగా వ్యతిరేకులం, మమ్మల్ని దెబ్బ కొట్టడానికే మా రూట్లు ముందు లాక్కుంటున్నారు అన్నది వాళ్ళ వాదన. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. దురుద్దేశం ఉందని ఇంత సూటిగా ఆరోపణ వస్తే, అది అబద్ధమని ముఖ్యమంత్రి స్వయంగా ఒక అఫిడవిట్ వేయలేదు. ఖండించని ఆరోపణ నిలబడినట్టే అని కోర్టు తేల్చింది, ఆ స్కీములు కొట్టేసింది. సి.ఎస్. రౌజీ కేసు అని లా చదివే ఫ్రెండ్‌ని అడిగితే వెంటనే చెప్పింది, వాళ్ళ సిలబస్‌లో ఉందట.

1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. కోర్టు ఆయన్ని దిగిపొమ్మనలేదు. పార్టీలో మెజారిటీ ఆయనకే ఉంది. అయినా దిగిపోయారు. దీన్ని గొప్పతనం అనాలా, తప్పు బయటపడ్డాక వేరే దారి లేకపోవడం అనాలా? నాకు రెండూ అనిపిస్తాయి. తప్పు జరిగిందనే నా లెక్క, ఎందుకంటే ఒక్క కాగితం వేసి ఖండించగలిగే పనిని ఊరికే ఎవరూ వదిలేయరు. కానీ దిగిపోవడం మాత్రం నిజం, ఇప్పటి వాళ్ళతో పోలిస్తే చిన్న విషయమూ కాదు.

ఢిల్లీలో శాస్త్రి గారి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖ ఇచ్చారు. తర్వాత ఇందిరా గాంధీ దగ్గర రవాణా శాఖ. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకర్ అయ్యారు. స్పీకర్ కాగానే కాంగ్రెస్ పార్టీకి రాజీనామా ఇచ్చారు, అందరికీ సమానంగా ఉండాలంటే పార్టీ సభ్యత్వం ఉండకూడదని. అప్పటిదాకా ఏ స్పీకరూ ఆ పని చేయలేదు.

ఇప్పుడు 1969. మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. మెస్సులో నేను తప్పు చెప్పిన ప్రశ్న ఇదే. ఉప రాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలికంగా బాధ్యతలు తీసుకున్నారు. అభ్యర్థిగా ఎవరిని పెట్టాలన్న దాని మీద కాంగ్రెస్ రెండు ముక్కలైంది. ఇందిర జగ్జీవన్ రామ్‌ని కోరుకున్నారు. సిండికేట్ అని పిలిచే పాత పెద్దలు జులైలో బెంగళూరు మీటింగులో సంజీవరెడ్డి పేరు ఖాయం చేశారు. ఇందిర ఆయన నామినేషన్ మీద సంతకం పెట్టారు గానీ మనసులో వేరే ఉంది. గిరి ఊరుకోలేదు. బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టి, ఆ మరునాడు, జులై 20న, ఉప రాష్ట్రపతి పదవికి రాజీనామా చేసి ఇండిపెండెంట్‌గా బరిలోకి దిగారు. దాంతో దేశానికి రాష్ట్రపతీ లేరు, ఉప రాష్ట్రపతీ లేరు. సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా నెల రోజులకు పైగా ఆ కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది. అమెరికా వాళ్ళకి కూడా ఇలాంటి సీన్ లేదు.

సంజీవరెడ్డి కూడా స్పీకర్ పదవి వదిలేశారు. ఒకే జైల్లో ఉన్న ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురెదురు. సిండికేట్ వాళ్ళు రెండో ప్రాధాన్య ఓట్ల కోసం జనసంఘ్, స్వతంత్ర పార్టీలతో మాట్లాడారని బయటకొచ్చింది. ఇందిరకి కావాల్సింది అదే. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమని ఎంపీలకి, ఎమ్మెల్యేలకి చెప్పారు. సొంత పార్టీ అభ్యర్థిని ఓడించమని అంత మర్యాదగా ఇంకెవరూ చెప్పి ఉండరు.

ఆగస్టు 16న పోలింగ్, 20న కౌంటింగ్. నేను సీఎస్ఈ కాబట్టి ఈ లెక్క వదిలిపెట్టలేను. పదిహేను మంది అభ్యర్థులు. గెలవాలంటే 4,18,169 ఓటు విలువ కావాలి. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కి 1,12,769. ఎవరికీ సరిపోలేదు. అప్పుడు అందరికన్నా తక్కువ వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే తీసేసి, ఆ బ్యాలెట్ల మీద రెండో ప్రాధాన్యం ఎవరికి ఉందో వాళ్ళకి కలుపుతారు. సింపుల్ లూప్, రాయమంటే పది లైన్లలో రాయొచ్చు. ఈ లూప్‌లో సంజీవరెడ్డికి దాదాపు 92 వేలు వచ్చి పడ్డాయి, గిరికి పద్దెనిమిదిన్నర వేలే. ఒకప్పుడు దాదాపు 88 వేలు ఉన్న తేడా కరిగి కరిగి 14,650 దగ్గర ఆగింది. గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. అప్పట్లో ఒక ఎంపీ ఓటు విలువ 576. అంటే గిరి వైపు ఉన్న ఎంపీల్లో ఒక్క పదమూడు మంది ఇటు మారి ఉంటే సంజీవరెడ్డి 1969లోనే రాష్ట్రపతి. నేను మూడుసార్లు చెక్ చేశాను.

ఓడించింది ప్రత్యర్థి పార్టీ కాదు, సొంత ప్రధానమంత్రి. నవంబర్‌లో కాంగ్రెస్ చీలిపోయింది. 1971లో ఇందిర గాలిలో సంజీవరెడ్డి లోక్‌సభ ఎన్నికల్లో కూడా ఓడిపోయారు. అప్పటికి స్పీకర్ పదవి లేదు, ఎంపీ పదవి లేదు, ఉన్న పార్టీ మిగిలిన ముక్క. ఇల్లూరు వెళ్ళి వ్యవసాయం చేసుకున్నారు. మన వైపు వ్యవసాయం అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు, ఆకాశం వైపు చూడటమే ఎక్కువ పని.

1975లో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి మళ్ళీ వేదిక ఎక్కారు. తర్వాత ఎమర్జెన్సీ. 1977 మార్చిలో ఎన్నికలు పెడితే ఉత్తరాదిలో ఇందిర కొట్టుకుపోయారు, మన రాష్ట్రంలో మాత్రం జనం కాంగ్రెస్‌కే గుద్దారు. 42 సీట్లలో 41 కాంగ్రెస్‌వి. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. జనతా పార్టీ తరఫున గెలిచింది సంజీవరెడ్డి.

మా జేజినాయన అప్పుడు నంద్యాలలో ఓటు వేశాడు. ఎవరికి వేశావ్ అంటే చెప్పడు, నవ్వుతాడు. ఓటు వేసింది ఎంపీకి, నాలుగు నెలలు తిరక్కుండానే రాష్ట్రపతి అయి కూర్చున్నాడు, మా సీటు ఖాళీ అయింది అంటాడు. ఆ స్వరంలో గర్వం ఎంతో కోపం ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు. (1991లో ప్రధానిగా ఉన్న పి.వి. నరసింహారావుని ఉప ఎన్నికలో అయిదు లక్షల పైచిలుకు మెజారిటీతో పంపింది కూడా నంద్యాలే. ఢిల్లీ వాళ్ళకి అవసరమైనప్పుడల్లా మన సీటే దొరుకుతుంది.)

మార్చి 26న లోక్‌సభ ఆయన్ని ఏకగ్రీవంగా మళ్ళీ స్పీకర్‌ని చేసింది. ఫిబ్రవరిలోనే రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ చనిపోయారు, ఉప రాష్ట్రపతి జత్తి తాత్కాలికంగా చూస్తున్నారు. అంటే 1969 పరిస్థితే మళ్ళీ. ఈసారి 37 మంది నామినేషన్ వేస్తే 36 చెల్లలేదు. మిగిలింది ఒక్కటే. జులై 25న సంజీవరెడ్డి రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఇప్పటిదాకా పోటీ లేకుండా రాష్ట్రపతి అయినవారు ఆయనొక్కరే. వయసు 64, అందరిలోకీ చిన్న. ఆ రికార్డు 2022లో ద్రౌపది ముర్ము వచ్చేదాకా నిలిచింది, అదీ నెల రోజుల తేడాతో పోయింది.

ఇక్కడితో ఆపేస్తే మంచి సినిమా. కానీ రెండేళ్ళకే ఆయన పెన్ను మీద అసలు భారం పడింది.

1979 జులైలో జనతా పార్టీ ముక్కలైంది. 15న మొరార్జీ దేశాయ్ ప్రధాని పదవికి రాజీనామా చేశారు. ఎవరిని పిలవాలి? రాజ్యాంగంలో దీనికి స్టెప్ బై స్టెప్ ఏమీ రాసి లేదు. సంజీవరెడ్డి ముందు ప్రతిపక్ష నాయకుడు వై.బి. చవాన్‌ని పిలిచారు, ఆయన వల్ల కాలేదు. అప్పుడు మొరార్జీ, చరణ్ సింగ్ ఇద్దరూ తమకు మద్దతు ఇచ్చే ఎంపీల లిస్టులు పట్టుకొచ్చారు. కొన్ని పేర్లు రెండు లిస్టుల్లోనూ ఉన్నాయి! చరణ్ సింగ్ లిస్టు పెద్దదని లెక్క తేలింది. జులై 28న ఆయనతో ప్రమాణం చేయించి, ఆగస్టు మూడో వారంలోపు లోక్‌సభలో బలం చూపించమన్నారు. అంతవరకు నాకు పేచీ లేదు. బలం లిస్టులో కాదు, సభలో తేలాలి అన్నది సరైన పద్ధతే.

చరణ్ సింగ్‌కి మద్దతిచ్చిన ఇందిర సరిగ్గా టైమ్‌కి చెయ్యి లాగేసుకున్నారు. ఆగస్టు 20న చరణ్ సింగ్ సభ ముఖం చూడకుండానే రాజీనామా చేసి, లోక్‌సభ రద్దు చేయమని సలహా ఇచ్చారు. అప్పటికి జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్ రామ్. నాకు బలం ఉంది, అవకాశం ఇవ్వండి అని అడిగారు. 22న సంజీవరెడ్డి లోక్‌సభ రద్దు చేశారు. చరణ్ సింగ్ ఆపద్ధర్మ ప్రధానిగా కొనసాగారు.

జగ్జీవన్ రామ్ పేరు గుర్తొచ్చిందా? 1969లో ఇందిర మొదట అనుకున్న పేరు. బెంగళూరులో ఆయన్ని కాదనే సంజీవరెడ్డిని పెట్టారు. పదేళ్ళ తర్వాత ఆ ఇద్దరిలో ఒకరి చేతిలో ఇంకొకరి ప్రధాని పదవి ఉంది. ఆ పదవి వస్తే దేశానికి మొదటి దళిత ప్రధాని. పాత కక్ష అని అప్పట్లో అన్నవాళ్ళున్నారు, రాష్ట్రపతిని అభిశంసించాలని జనతా వాళ్ళు గొంతు చించుకున్నారు. సమర్థించేవాళ్ళ వాదన వేరు. ఫిరాయింపుల మీద ఫిరాయింపులు జరుగుతున్నప్పుడు ఇంకో వారం ఇస్తే ఎంపీల కొనుగోలు జరిగేది తప్ప ప్రభుత్వం వచ్చేది కాదు, జనం దగ్గరకే పోవడం మంచిది అంటారు.

నేను కక్ష అనుకోను, దానికి ఆధారం ఏమీ కనపడలేదు. కానీ తప్పు నిర్ణయం అనే అనుకుంటున్నా. సభలో బలం చూపించు అని చరణ్ సింగ్‌కి నెల రోజులు ఇచ్చిన మనిషి, జగ్జీవన్ రామ్‌కి ఒక వారం ఎందుకు ఇవ్వలేదు? ఓడిపోతే అప్పుడు రద్దు చేయొచ్చు కదా. సభను ఒక్కసారి కూడా ఎదుర్కోని ప్రధాని సలహా మీద సభనే రద్దు చేయడం నాకు మింగుడు పడలేదు. ఒకే ఇన్‌పుట్‌కి రెండు అవుట్‌పుట్‌లు వస్తే దాన్ని మా వాళ్ళు బగ్ అంటారు. మా క్లబ్‌లో దీని మీద ఇప్పటికే రెండు గ్రూపులయ్యాయి, మీరు ఏ గ్రూపో చెప్పండి.

1980 జనవరి ఎన్నికల్లో ఇందిర 353 సీట్లతో తిరిగొచ్చారు. జనవరి 14న ఆమె చేత ప్రమాణం చేయించింది సంజీవరెడ్డే. 1969లో ఆయన్ని ఓడించిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, ఆయన చదివించాలి, ఆమె చెప్పాలి. ఆ ఫొటోలు వెతికి చూశాను, ఇద్దరి ముఖాల్లోనూ ఏమీ దొరకలేదు. అప్పటికి ఉప రాష్ట్రపతి ఎవరంటే హిదయతుల్లా, 1969లో మధ్యలో వచ్చి కుర్చీ కాపలా కాసిన ఆ జడ్జి గారే.

1982 జులైలో పదవీకాలం పూర్తయ్యాక సంజీవరెడ్డి అనంతపురం వచ్చేశారు. మళ్ళీ ఏ ఎన్నికల జోలికీ పోలేదు. 1996 జూన్ 1న బెంగళూరులో చనిపోయారు, 83 ఏళ్ళు.

ఇదంతా రాసి పోయిన ఆదివారం జేజినాయనకి చదివి వినిపించాను. లోక్‌సభ రద్దు దగ్గర ఆయనకి నిద్ర పట్టింది. బస్సుల కేసు దగ్గర మాత్రం లేచి కూర్చున్నాడు. ఆ ప్రైవేటు బస్సులు ఎట్లుండేవో, టాపు మీద ఎంతమంది కూర్చునేవాళ్ళో, డ్రైవర్ ఎవరింటి ముందు ఆపి మజ్జిగ తాగేవాడో అరగంట చెప్పాడు. ఆర్టీసీ బస్సు వచ్చినాక టైమ్‌కి వచ్చేది కానీ చేయెత్తితే ఆపేది కాదురా అన్నాడు. తప్పెవరిది జేజినాయనా, సంజీవరెడ్డిదా, బస్సు వాళ్ళదా అని అడిగాను. ఇద్దరూ మనోళ్ళే కదరా అని మళ్ళీ పడుకున్నాడు.